బీడీ పొగ, ఉసిరికాయ, మన కణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. శ్వాస వ్యవస్థ పాఠం వచ్చిందంటే చాలు, పిల్లలు ఇంటి నుంచి ప్రశ్నలు మోసుకొస్తారు. "మేడం, మా తాతకు రోజూ ఉసిరికాయ పెడితే బీడీ ఏం చేయదట కదా?" సెలవులకు దేవరకొండ వైపు మా ఊరికి పోతే అక్కడా ఇదే మాట, కాకపోతే అడిగేది ఆ తాతే. పదేపదే నోటితో చెప్పిన జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు. నేను డాక్టర్‌ను కాను. మందుల విషయం మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.

## పొగ లోపలికి పోయినప్పుడు

పొగలో విషమంటే నికోటినే కదా?

నికోటిన్ చేసే ప్రధానమైన పని అలవాటులో కట్టిపడేయడం. కణాలను పాడుచేసేవి ఎక్కువగా దాని వెంట వచ్చే మిగతా రసాయనాలు. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో కనీసం 69 క్యాన్సర్ తెచ్చేవని తేలింది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. హైడ్రోజన్ సైనైడ్ కణం ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి తగిలిన ప్రోటీన్‌నల్లా పట్టుకుని పాడుచేస్తాయి. బెంజోపైరీన్ డీఎన్ఏ దాకా పోతుంది. కాడ్మియం అనే లోహం కిడ్నీల్లో ఏండ్ల తరబడి పేరుకుపోతుంది. వీటికి తోడు ఫ్రీ రాడికల్స్.

ఫ్రీ రాడికల్ అంటే ఏంటి? మామూలు మాటల్లో చెప్పండి.

అణువుల్లో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట విడిపోయి ఒంటరి ఎలక్ట్రాన్ మిగిలిన అణువే ఫ్రీ రాడికల్. అది కుదురుగా ఉండలేదు. పక్క అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. అప్పుడు ఆ పక్కది ఒంటరిదై, దాని పక్కదాని మీద పడుతుంది.

సంక్రాంతికి చేసిన సకినాలు నెల దాటితే డబ్బా మూత తీయగానే పాత నూనె వాసన కొడతాయి. అక్కడ జరిగిందీ ఇదే. గాలిలోని ఆక్సిజన్ వల్ల నూనెలో ఈ లాక్కోవడం మొదలై ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. మన కణం చుట్టూ ఉండే పొర కూడా చాలావరకు కొవ్వే. పొగ తగిలినప్పుడు డబ్బాలో నెల రోజులు పట్టిన పని ఆ పొరలో చాలా వేగంగా జరుగుతుంది. పొర దెబ్బతింటే కణంలోకి ఏది రావాలి, ఏది రాకూడదు అన్న కట్టడి పోతుంది.

ఒక్క దమ్ముతో ఏమైపోతుంది?

ఒక్క దమ్ములో లోపలికి పోయే పొగలోని వాయు భాగంలోనే ఫ్రీ రాడికల్స్ సంఖ్య దాదాపు 1 పక్కన 15 సున్నాలు ఉంటుందని లెక్కగట్టారు. వీటిలో చాలావాటి ఆయుష్షు సెకను కూడా ఉండదు. కానీ పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మిగతా రసాయనాలతో కలుస్తూ కొత్తవాటిని పుట్టిస్తూనే ఉంటుంది. పొగలోని జిగట మసినే తారు అంటారు. ఆ తారులో ఉండేవి వేరే రకం. అవి నిలకడగా ఉండి, ఊపిరితిత్తుల తడిలో కరిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటిని తయారుచేస్తూ పోతాయి. బీడీ ఆరిపోయినా లోపల వాటి పని ఆగదు.

బీడీలో ఆకు, పొగాకు తప్ప కెమికల్ ఏమీ ఉండదు. సిగరెట్ కంటే నయమే కదా?

కాదు. మా నాయన కూడా ఈ మాటే అనేవాడు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బీడీలో పొగాకు తక్కువే, సుమారు పావు గ్రాము లేదా అంతకన్నా తక్కువ. సిగరెట్‌లో దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. తేడా తునికాకు దగ్గర వస్తుంది. సిగరెట్ కాగితంలోంచి గాలి లోపలికి పోతుంది, తునికాకులోంచి అంతగా పోదు. గాలి చాలక పొగాకు సరిగా మండదు. సరిగా మండని పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. పైగా బీడీ ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అట్లా పొగ ఊపిరితిత్తుల్లో ఇంకా లోతుకు పోతుంది. కొలిచి చూసిన పరీక్షల్లో సిగరెట్ కంటే బీడీ నుంచే తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఒంట్లోకి పోయాయి. ఆకు అడవిలోది కావచ్చు. కాల్చిన తర్వాత ఏ ఆకు పొగైనా పొగే.

ఫిల్టర్ ఉన్నది తాగితే?

ఫిల్టర్ కొంత తారును పట్టుకుంటుంది, వాయువులను వదిలేస్తుంది. తక్కువ ఘాటు అనిపించినప్పుడు మనిషి తెలియకుండానే ఇంకా లోతుగా పీలుస్తాడు. అక్కడికి లెక్క సమానం.

## కణం ఎదురు నిలిచినప్పుడు

యాంటీఆక్సిడెంట్ అసలు ఏం చేస్తుంది?

ఎలక్ట్రాన్ కోసం వెతుకుతున్న ఫ్రీ రాడికల్‌కు తన దగ్గరున్న ఎలక్ట్రాన్‌ను ఇచ్చి శాంతింపజేస్తుంది. ఇచ్చిన తర్వాత కూడా తాను పెద్దగా అదుపు తప్పదు. దాని గొప్పతనం అదే.

ఇదంతా ఊళ్లో చేబదులు లాంటిది. కణం పొరలో విటమిన్ ఇ కాపలా ఉంటుంది. పొరలోని కొవ్వు మీద దాడి పాకుతూ వస్తే మధ్యలో తాను ఇచ్చేసి ఆపుతుంది. ఇప్పుడు దాని చేయి ఖాళీ. పొర పక్కనే నీటి భాగంలో ఉన్న విటమిన్ సి దానికి చేబదులు ఇచ్చి మళ్లీ పనికి నిలబెడుతుంది. విటమిన్ సి ఖాళీ అయితే మన కణమే తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఆదుకుంటుంది. గ్లూటాథయోన్‌ను మళ్లీ నింపే ఎంజైమ్‌కు శక్తి మనం తిన్న అన్నం, రొట్టె నుంచి వస్తుంది. ఈ వరుసలో ఒక్కరి చేయి ఆడకపోయినా మిగతావాళ్ల మీద భారం పడుతుంది. అందుకే "విటమిన్ ఇ ఒక్కటే మింగుతా" అంటే కుదరదు.

ఇవి మన ఒంట్లోనే తయారవుతాయట, నిజమేనా?

నిజమే. అసలు పెద్ద రక్షణ మన కణం సొంతంగా చేసుకునేదే. సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఒక రకం ఫ్రీ రాడికల్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని 1969లో గుర్తించారు. ఆ పెరాక్సైడ్‌ను కెటలేజ్ అనే ఇంకో ఎంజైమ్ నీళ్లు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కెటలేజ్ పనిని మీరు కళ్లారా చూసే ఉంటారు. దెబ్బ తగిలిన చోట ఆసుపత్రిలో పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది కదా, ఆ ఆక్సిజన్ బుడగలు కెటలేజ్ వల్లే.

ఊపిరితిత్తుల లోపలి గోడ మీద పలుచటి తడి పొర ఉంటుంది. అందులో గ్లూటాథయోన్ రక్తంలో కంటే వంద రెట్లకు పైనే ఉంటుంది. ఆ తడి గాలికి ఎదురుగా ఉండే మొదటి కాపలా కదా మరి. పొగ తగిలినప్పుడు కణంలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ మేల్కొంటుంది. మామూలు సమయంలో దాన్ని కీప్1 అనే ఇంకో ప్రోటీన్ కట్టిపడేసి ఉంచుతుంది. పొగలోని రసాయనాలు ఈ కీప్1కే తగిలి కట్టు వదులవుతుంది. విడిపడ్డ ఎన్ఆర్ఎఫ్2 డీఎన్ఏ దగ్గరికి పోయి, గ్లూటాథయోన్ చేసే ఎంజైమ్‌లతో సహా ఎన్నో రక్షణ జన్యువులను పని చేయిస్తుంది. విషమే తనను అణచేవాళ్లను పిలుస్తుందన్నమాట. ఈ పాఠం చెప్పేటప్పుడు క్లాసులో అల్లరి చేసే పిల్లలు కూడా నిశ్శబ్దంగా వింటారు.

ఇంత రక్షణ ఉంటే పొగ తాగేవాళ్లకు జబ్బులు ఎందుకు వస్తున్నాయి?

ఖర్చు రాబడిని మించిపోతుంది కాబట్టి. ఇందులో అక్రోలిన్ పాత్ర పెద్దది. పొయ్యి మీద మూకుడులో నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు పొగ వస్తుందే, అందులో ఉండేది ఇదే. సిగరెట్ పొగలోనూ దండిగా ఉంటుంది.

గ్లూటాథయోన్ ఒక ఫ్రీ రాడికల్‌ను శాంతింపజేస్తే తర్వాత దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. అక్రోలిన్‌తో అట్లా కాదు. గ్లూటాథయోన్ దానికి అతుక్కుపోతుంది. ఆ జంట రూపం మార్చుకుని చివరికి మూత్రంలో బయటికి పోతుంది. చేబదులు ఇచ్చిన సొమ్ము తిరిగొస్తుంది, ఇది తిరిగిరాని సొమ్ము. కణం మొదటి నుంచి కొత్త గ్లూటాథయోన్ చేసుకోవాలి. దానికి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది గుడ్లు, పాలు, పప్పులు, మాంసం నుంచి రావాలి. రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతూ, పొద్దున చాయ్, మధ్యాహ్నం కారం మెతుకులతో సరిపెట్టుకునే మనిషి ఒంట్లో ఈ రాబడి ఎక్కడి నుంచి వస్తుంది?

పొగకు ఆయాసం ఎందుకు వస్తుంది? దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు సాగి మళ్లీ ముడుచుకునేది ఎలాస్టిన్ అనే ప్రోటీన్ వల్ల. పొగ తగిలినప్పుడు తెల్ల రక్తకణాలు అక్కడికి చేరి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది ఎలాస్టిన్‌ను కోస్తుంది. ఆ కత్తికి ఒర లాంటి ప్రోటీన్ కూడా మన రక్తంలో ఉంది, పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. పొగలోని ఆక్సీకరణ పదార్థాలు, అంటే ఎలక్ట్రాన్లు లాక్కునేవి, సరిగ్గా ఈ ఒరలో ఒక కీలకమైన అమైనో ఆమ్లాన్ని పాడుచేస్తాయి. ఇక కత్తికి అడ్డు లేదు. గదుల మధ్య గోడలు తెగి చిన్న గదులు కలిసి పెద్ద ఖాళీలవుతాయి. గాలి లోపలికి పోతుంది, బయటికి రావడం కష్టమవుతుంది. మనవాళ్లు దమ్ము అని పిలిచే ఆయాసంలో చాలావరకు కథ ఇదే. తెగిన గోడలను ఏ యాంటీఆక్సిడెంటూ తిరిగి కట్టలేదు.

యాంటీఆక్సిడెంట్లు క్యాన్సర్‌ను ఆపుతాయని విన్నాం.

పొగ వల్ల వచ్చే క్యాన్సర్ విషయంలో ఆ నమ్మకం పెట్టుకోవద్దు. బెంజోపైరీన్‌నే తీసుకోండి. ఒళ్లు దాన్ని కరిగించి బయటికి పంపాలని ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నంలో మన ఎంజైమ్‌ల చేతుల్లోనే అది ఇంకా ప్రమాదకరమైన రూపం తీసుకుంటుంది. ఆ రూపం నేరుగా డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణాన్ని అదుపులో ఉంచే పీ53 అనే జన్యువులో, పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కడ తప్పులు కనిపిస్తాయో సరిగ్గా అక్కడే ఇది అతుక్కుంటుందని 1996లో చూపించారు. ఇది ఎలక్ట్రాన్ ఇస్తే శాంతించే గొడవ కాదు. గ్లూటాథయోన్ కొంత భాగాన్ని పట్టి బయటికి పంపుతుంది, అంతే. విటమిన్ సి, ఇ ఇక్కడ చేయగలిగింది చాలా తక్కువ.

## తిండి దగ్గర

పొగ తాగేవాళ్లకు విటమిన్ సి ఎక్కువ కావాలా?

కావాలి. అదే తిండి తిన్నా పొగ తాగేవాళ్ల రక్తంలో విటమిన్ సి తక్కువగా ఉంటుంది. మన దేశంలో పెద్ద మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది. పొగ తాగేవాళ్లకు రోజుకు ఇంకో 35 మిల్లీగ్రాములు కావాలన్నది అమెరికా నిపుణుల లెక్క.

మేక ఆకులు మేస్తూనే తన కాలేయంలో విటమిన్ సి తయారుచేసుకుంటుంది. మనిషికి ఆ జన్యువు పనిచేయదు. రోజూ నోటి ద్వారా రావాల్సిందే.

ఉసిరికాయ, జామకాయ, బత్తాయి, వీటిలో ఏది మేలు?

జామ. నేను ముందు చెప్పేది దాని పేరే. 100 గ్రాముల జామలో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములు. అంటే ఒక మాదిరి కాయతో పొగ తాగే మనిషికి కావాల్సినదంతా వచ్చేస్తుంది. ఉసిరిలో అంతకంటే ఎక్కువే, కానీ పచ్చిది రోజూ తినేవాళ్లు అరుదు. మన నల్గొండ బత్తాయిలో 100 గ్రాములకు సుమారు 50 మిల్లీగ్రాములు. చక్కెర కలిపిన జ్యూస్ కంటే తొనలు తినడం మంచిది. నిమ్మ కూడా దాదాపు అంతే, కాకపోతే ఒక కాయ రసం కొంచెమే వస్తుంది. బాలానగర్ సీతాఫలం రుచికి సాటి లేదు, కానీ విటమిన్ సి జామ కంటే బాగా తక్కువ.

కూరల్లో ఏవి తినాలి? వండితే పోదా?

విటమిన్ సి వేడికి, నీళ్లకు పోతుంది. మునగాకు, తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర లాంటివి మూత పెట్టి తక్కువ సేపు వండండి. ఉడికించిన నీళ్లు పారబోయకండి. నిమ్మరసం కూర దించిన తర్వాతే పిండండి. జొన్నరొట్టెతో పచ్చి ఉల్లిగడ్డ, టమాట ముక్కలు పెట్టుకుంటే వండే గొడవే లేదు. విటమిన్ ఇ కోసం పాలమూరు పల్లీలు గుప్పెడు తినండి. ఆకుకూరల్లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ వేడికి అంతగా పోదు, కొంచెం నూనె తగిలితే ఒంటికి బాగా పడుతుంది.

ఇవన్నీ తింటూ బీడీ తాగితే ఏం కాదు కదా?

అవుతుంది. పండ్లు, కూరలు బాగా తినేవాళ్లలో కొన్ని జబ్బులు తక్కువగా కనిపించిన మాట నిజం. కానీ బాగా తింటూ పొగ తాగే మనిషికి ఉండే ముప్పు, అసలు తాగని మనిషితో పోలిస్తే ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువే. తిండి కణానికి బలం ఇస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను గానీ, కాడ్మియంను గానీ, డీఎన్ఏకు అతుక్కున్నదాన్ని గానీ జామకాయ తీసేయలేదు.

కల్లు ప్రకృతిది కదా, దానితోపాటు ఒక బీడీ...

చెట్టు నుంచి దించిన కల్లు పులిసే కొద్దీ ఆల్కహాల్ అవుతుంది. ఆల్కహాల్ కాలేయంలో గ్లూటాథయోన్‌ను తగ్గిస్తుంది. పొగ, ఆల్కహాల్ రెండూ కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు విడివిడిగా ఉన్న ముప్పులను కూడినదానికంటే ఎక్కువ అవుతుంది. కల్లు దుకాణం దగ్గర మన పెద్దమనుషుల చేతుల్లో రెండూ కలిసే ఉంటాయి. నాకు భయం అక్కడే.

బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో మసి కడిగేస్తుందట?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఇది ఎక్కువగా అడుగుతారు. మనం మింగిన బెల్లం పోయేది కడుపులోకి. ఊపిరితిత్తులు కడగడానికి అక్కడి నుంచి దారి లేదు. గాలి గొట్టాల్లో సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. అవి అలల్లా ఊగుతూ దుమ్మును, మసిని కళ్లెతో పాటు పైకి తోస్తాయి. పొగ వాటిని చచ్చుబడేలా చేస్తుంది. మిల్లు దుమ్ములో పనిచేసే మనిషికి బీడీ రెట్టింపు దెబ్బ. మూతికి గుడ్డ లేదా మాస్క్ కట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం జోలికి అసలు పోవద్దు.

గ్రీన్ టీ, పసుపు పాలు?

ఇష్టమైతే తాగండి. పసుపులోని కర్క్యుమిన్ గాజు గిన్నెలోని కణాల మీద బాగా పనిచేస్తుంది, కానీ తాగితే రక్తంలోకి చేరేది చాలా కొంచెం.

## మాత్రల దగ్గర

తిండితో ఎందుకు, విటమిన్ మాత్ర వేసుకుంటే సరిపోదా?

దీనికి రెండు పెద్ద పరీక్షలు జవాబు చెప్పాయి. ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏండ్ల వయసున్న, పొగ తాగే 29,133 మంది మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ, లేదా ఉత్తుత్తి మాత్రలు ఏండ్ల తరబడి ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని అందరూ ఆశపడ్డారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. విటమిన్ ఇ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు. అమెరికాలో పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ మధ్య పనిచేసినవాళ్లు కలిపి 18,314 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చిన పరీక్షలో అది 28 శాతం ఎక్కువైంది. 1996లో గడువుకు ముందే మాత్రలు ఆపేయాల్సి వచ్చింది.

పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో అంత ఎక్కువ మోతాదు బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణకు గురై హానికరమైన ముక్కలుగా విడిపోతుందన్నది ఒక వివరణ. కాబట్టి పొగ తాగేవాళ్లు, తాగి మానేసినవాళ్లు ఎక్కువ మోతాదు బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోవద్దు. క్యారెట్, బొప్పాయి, కొల్లాపూర్ మామిడి తినడానికి భయపడనక్కరలేదు. ఆ హాని మాత్రల్లో కనిపించింది, తిండిలో కాదు.

యాంటీఆక్సిడెంట్ డబ్బా అమ్మడానికి వచ్చారు. "పొగ తాగేవాళ్లకు ప్రత్యేకం" అంటున్నారు. కొనమంటారా?

వద్దు. మా నాయనకు ఇట్లాగే ఒకాయన ఇంటికొచ్చి అంటగట్టాడు. నాయన పల్లీలు అమ్మిన డబ్బులోంచి తీసి ఇచ్చాడు. రోజూ పొద్దున ఒక క్యాప్సూల్ వేసుకుని ధైర్యంగా బీడీ ముట్టించేవాడు. మానేద్దామని అంతకు ముందు రెండు నెలలుగా తగ్గిస్తూ వస్తున్నవాడు, ఆ డబ్బా వచ్చాక మళ్లీ పాత లెక్కకు పోయాడు. నాకు ఆ డబ్బు పోయినందుకు కంటే ఇందుకు ఎక్కువ బాధ.

ఇది మా ఇంట్లోనే జరిగిన వింత అనుకున్నాను. 2011లో తైవాన్ నుంచి ఒక ప్రయోగం ప్రచురించారు. పొగ తాగేవాళ్లకు ఉత్తుత్తి మాత్రలే ఇచ్చి, కొందరికి మాత్రం ఇవి విటమిన్లు అని చెప్పారు. విటమిన్ వేసుకున్నామని నమ్మినవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ సిగరెట్లు కాల్చారు. మాత్రలో ఏమీ లేకపోయినా దాని మీద నమ్మకమే హాని చేసింది.

విటమిన్ సి మాత్ర అయినా వేసుకోవచ్చా?

పండ్లు దొరకని, తినలేని మనిషికి డాక్టర్ చెబితే వేసుకోవచ్చు. "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నది మాత్రం తప్పు. రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నిపుణుల హద్దు. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. మన ఎండల్లో నీళ్లు తక్కువ తాగి పొలం పనులు చేసేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కళ్లె కరగడానికి డాక్టర్ ఎన్-ఎసిటైల్ సిస్టీన్ రాశారు. అదీ యాంటీఆక్సిడెంటే అంటున్నారు, వాడాలా?

డాక్టర్ రాస్తే వాడండి. అది కళ్లెను పలుచన చేస్తుంది, గ్లూటాథయోన్ తయారీకి కావాల్సిన సిస్టీన్‌ను ఇస్తుంది. కానీ మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని, పొగకు విరుగుడుగా ఏండ్ల తరబడి మింగొద్దు. ఊపిరితిత్తుల్లో తొలిదశ గడ్డలున్న ఎలుకలకు ఇది గానీ, విటమిన్ ఇ గానీ ఇస్తే గడ్డలు ఇంకా వేగంగా పెరిగాయని 2014లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. క్యాన్సర్ కణం కూడా కణమే. యాంటీఆక్సిడెంట్ దానికీ రక్షణ ఇస్తుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు ఏ యాంటీఆక్సిడెంట్ మాత్ర అయినా డాక్టర్‌కు చెప్పకుండా వేసుకోకూడదు.

## ఇంట్లో మిగతావాళ్ల సంగతి

నేను తాగను, మా ఆయన తాగుతాడు. నాకూ పిల్లలకూ ఏమైనా అవుతుందా?

అవుతుంది. ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవాళ్ల రక్తంలో కూడా విటమిన్ సి తగ్గుతుంది, పిల్లల్లోనూ ఇది కనిపించింది. కాలుతున్న బీడీ కొన నుంచి వచ్చే పొగ ఏ ఫిల్టరూ లేకుండా గదిలో కలుస్తుంది. కిటికీ తెరిస్తే సరిపోదు. వాకిట్లోకి పోయి తాగమని చెప్పడం కనీసం చేయాల్సిన పని. పిల్లలకు జామకాయ పెట్టండి, కానీ పొగకు విరుగుడుగా కాదు, ఆకలికి.

కట్టెల పొయ్యి పొగ కూడా ఇంతేనా?

నికోటిన్ ఉండదు. కార్బన్ మోనాక్సైడ్, అక్రోలిన్, బెంజోపైరీన్ ఉంటాయి. జీవితంలో ఎన్నడూ బీడీ ముట్టని అవ్వలకు ఆయాసం రావడానికి ఒక పెద్ద కారణం ఇదే.

మాది ఫ్లోరైడ్‌తో బాధపడ్డ ఊరు. దానికీ ఈ తిండి పనికొస్తుందా?

ఫ్లోరైడ్ ముఖ్యంగా దంతాలు, ఎముకలను దెబ్బతీస్తుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అది కణాల్లో ఆక్సీకరణ నష్టం కూడా పెంచింది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంట్లోకి తక్కువగా పోతుంది. కానీ ముందు కావాల్సింది మంచి నీళ్లు.

## మానేసే దశలో

ముప్ఫై ఏండ్లు తాగాక ఇప్పుడు మానేసి ఏం లాభం?

రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మానేసిన నాలుగు వారాలకే రక్తంలో విటమిన్ సి లాంటి యాంటీఆక్సిడెంట్లు పెరిగినట్టు కొలిచి చూశారు. ఏడాదికి గుండెజబ్బు ముప్పులో, పొగ వల్ల పెరిగిన భాగం దాదాపు సగానికి పడిపోతుంది. పదేండ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూ ఉన్నవాళ్లతో పోలిస్తే సుమారు సగం అవుతుంది. తెగిపోయిన గాలి గదులు తిరిగి రావు, కానీ ఇంకా తెగడం నెమ్మదిస్తుంది. మా నాయన మానేసింది 61 ఏండ్ల వయసులో.

మానేశాక దగ్గు ఎక్కువైంది. మళ్లీ తాగితే తగ్గుతుందంటున్నారు.

చచ్చుబడ్డ సన్నని వెంట్రుకలు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి, పాత కళ్లెను పైకి తోస్తున్నాయి. కొన్ని వారాలు అట్లా ఉండొచ్చు. బీడీ తాగితే అవి మళ్లీ పడుకుంటాయి, దగ్గు ఆగినట్టు ఉంటుంది, కళ్లె లోపలే ఉంటుంది. కళ్లెలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా టీబీ పరీక్షతో సహా డాక్టర్‌కు చూపించుకోండి.

రోజుకు రెండే తాగుతా. అంత తక్కువైతే పర్వాలేదా?

తగ్గించడం మంచి మొదలు, కానీ గుండె విషయంలో కొంచెం పొగ కూడా చాలా చేస్తుంది. రోజుకు ఒక్కటి తాగేవాళ్లకు కూడా గుండెజబ్బు ముప్పు అసలు తాగనివాళ్ల కంటే స్పష్టంగా ఎక్కువ.

మానేద్దామంటే టెన్షన్, చిరాకు, నిద్ర పట్టదు. ఎవరిని అడగాలి?

అది నికోటిన్ కోసం మెదడు పడే ఆరాటం. మొదటి వారం గట్టిగా ఉంటుంది, తర్వాత తగ్గుతూ వస్తుంది. తాగాలనే కోరిక వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే ఆ అల దాటిపోతుంది. మా నాయన ఆ నిమిషాల్లో పల్లీలు ఒలిచేవాడు, చేతులకు పని కావాలి కాబట్టి. ఒక్కరితో కాకపోతే పొగాకు పొట్లాల మీద వేసే ఉచిత నంబర్ 1800-11-2356కు ఫోన్ చేయండి. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఛాతీ డాక్టర్‌ను కలిస్తే నికోటిన్ గమ్, ప్యాచ్ లేదా మాత్రలు మీకు సరిపోతాయా లేదా చూసి చెబుతారు. పోయేటప్పుడు రోజుకు ఎన్ని తాగుతారు, పొద్దున లేచాక ఎంత సేపటికి మొదటిది ముట్టిస్తారు, ఈ రెండూ కాగితం మీద రాసుకుని పోండి. డాక్టర్ ముందు అడిగేవి అవే.